నట్టు మీద గీత

స్టాఫ్ క్వార్టర్స్, మూడో అంతస్తు
వానలు మొదలైన వారం

వదినా,

ఆ రోజు కొండ మీద ఓడిపోయింది నేనా, నా కారా?

నీ ఉత్తరం చదివి మడిచాక ముందు మనసులోకి వచ్చింది నీ కారు సంగతి కాదు, ఈ ప్రశ్న. ఎన్నేళ్ళుగానో మోస్తున్నాను. క్లాసులో తర్కం చెబుతూ, పరీక్ష పేపర్లు దిద్దుతూ, కూరగాయలు తరుగుతూ మోస్తున్నాను. కథ నీకు తెలిసిందే. ఇరవైల్లో నేనూ నీలాగే కొండ పందేలకి కారు తోలేదాన్ని. అన్నయ్యే నా మెకానిక్కు. ఒక్కో కారూ విడిగా కొండెక్కాలి, గడియారమే ప్రత్యర్థి. చివరి పందెంలో సగం దారికి వచ్చేసరికి కారులో చురుకు లేదు. దుప్పటి కప్పుకుని పరిగెత్తుతున్నట్టు ఉంది. రెండో స్థానం వచ్చింది. "కారుకేం కాలేదు, నీ కాలే తడబడింది" అన్నాడు అన్నయ్య. నమ్మాను. స్టీరింగ్ వదిలేసి చదువులో పడ్డాను.

ఇప్పుడు నువ్వూ అదే మాట రాశావు, కారు దుప్పటి కప్పుకుని పరిగెత్తుతోందని. ఈ మాట నీకెవరూ చెప్పి ఉండరు, నేను ఎవరితోనూ అనలేదు కాబట్టి.

అయినా నన్నెందుకు అడుగుతున్నావు? ఇంజిను చప్పుడు విని జబ్బు చెప్పే మనిషిని ఇంట్లో పెట్టుకుని, బానెట్ ఎత్తడమే మరిచిపోయినదాన్ని అడుగుతావా? సరే. ముందు ఒక స్పార్క్ ప్లగ్ విప్పి మొన రంగు చూడు. లేత గోధుమ రంగులో ఉంటే ఆరోగ్యం. తెల్లబడితే పెట్రోలు చాలడం లేదు, అది ప్రమాదం, ఇంజిను లోపల్లోపలే కాలిపోతుంది. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది. అంటే అజీర్ణం. ప్రాణం పోదు, ఉత్సాహం పోతుంది.

చూసి రాయి.

నీ ఆడపడుచు


క్లినిక్, ఇద్దరు పేషెంట్ల నడుమ

పంతులమ్మకి,

నలుపు. కాటుక పెట్టుకోవచ్చు. నాలుగు ప్లగ్గులూ పిప్పి పళ్ళలాగే ఉన్నాయి. అలవాటు కొద్దీ పత్తి కోసం చెయ్యి చాచాను.

మీ అన్నయ్యని అడగలేదనుకున్నావా? అడిగాను తల్లీ. "ఇంజిను ముసలిదైపోయింది, నాలాగే" అన్నారు. ఆ ముసలాయన పొద్దున్నే మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతారు! మనుషుల నోళ్ళు తెరిపించడమే నా వృత్తి, మీ అన్నయ్య నోరొక్కటే నా వల్ల కావడం లేదు. అందుకే ఈ ఉత్తరాలు. ఫోన్ చేస్తే ముందు ఆయనే ఎత్తుతారు. మీ ఇద్దరూ ఎండ ఎలా ఉంది, వాన ఎలా ఉంది అని మాట్లాడుకుని పెట్టేస్తారు.

పోయినేడు పందెంలో నేను కొండ పై మలుపులో రోడ్డు దిగిపోయి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాను కదా. కారులోంచి నేను నవ్వుతూనే బయటికి వచ్చాను. ఆయన కొండ కింది నుంచి పరిగెత్తుకుంటూ వచ్చారు. రక్తం కారుతున్నది నాకు, పాలిపోయింది ఆయన మొహం. అప్పటి నుంచి కారు పనంతా నేను ఇంట్లో లేనప్పుడే చేస్తున్నారు.

ఆయన పనిముట్ల పెట్టెలో గుండ్రటి ప్రెషర్ మీటరు ఒకటి దొరికింది. పెట్రోలు ఎంత ఒత్తిడితో వస్తోందో దానితోనే చూస్తారా? బీపీ చూడటం నాకు వచ్చు. ఇదీ అంతేనా?

మీ వదిన


స్టాఫ్ రూము, కిటికీ పక్క బల్ల

వదినా,

అంతే కాదు. నీ పేషెంటుకి నిప్పంటుకోదు. నేను చెప్పేది రెండుసార్లు చదివి అప్పుడు చెయ్యి పెట్టు.

కారుని షెడ్డులోంచి బయటికి తీసి, ఇంజిను పూర్తిగా చల్లారనివ్వు. మంటలార్పే సిలిండరు చేతికందేలా పెట్టుకో. పెట్రోలు పంపు ఫ్యూజు పీకేసి ఇంజిను స్టార్ట్ చెయ్యి. గొట్టాల్లో మిగిలినది తాగేసి దానంతటదే ఆగిపోతుంది. ఒత్తిడి అలా దిగాకే గొట్టం విప్పాలి, అదీ గుడ్డ చుట్టి. మీటరు తగిలించి, ఫ్యూజు మళ్ళీ పెట్టి, స్టార్ట్ చేసి ఎక్కడైనా చెమ్మగిల్లుతోందేమో చూడు.

ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే గొట్టం చివర చిన్న డబ్బీ లాంటిది ఉంటుంది. అదే రెగ్యులేటరు, ఒత్తిడిని అదుపు చేసేది. దానికి ఇంజిను ఊపిరి తగిలే సన్నటి రబ్బరు గొట్టం ఒకటి ఉంటుంది. అది ఊడదీసి, దాని మూతి వేలితో మూసి, అప్పుడు మీటరు ముల్లు చూడు. ఆ రకం కారుకి నలభై మూడు పౌండ్లు ఉండాలి. అన్నయ్యా నేనూ ఆ అంకెని అమ్మ పుట్టినరోజు కన్నా గట్టిగా గుర్తుపెట్టుకున్నాం.

డబ్బీ నెత్తిన ఒక స్క్రూ, దాని చుట్టూ నట్టు ఉంటాయి. వాటిని ముట్టుకోకు. వాటి మీద రంగు గీత ఉందేమో మాత్రం చూసి చెప్పు. అన్నయ్య ఏ స్క్రూ సరిచేసినా, నట్టు బిగించాక రెండింటి మీదుగా సన్నటి గీత గీస్తాడు. అదురుకి నట్టు వదులైతే గీత విరుగుతుంది. నా రోజుల్లో తెల్ల పెయింటుతో గీసేవాడు. బ్రష్షు కొనడానికి మనసొప్పక నా కళ్ళకి పెట్టుకునే కుంచె వాడేశాడు. ఆ తర్వాత వారం రోజులు నేను వాడితో మాట్లాడలేదు.

జాగ్రత్త. నిజంగా జాగ్రత్త.

నీ ఆడపడుచు


ఇల్లు, వరండా

పంతులమ్మకి,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. సిలిండరుని పక్కన కుర్చీలో కూర్చోబెట్టాను కూడా, అతిథిలాగా. ముల్లు యాభై ఎనిమిది దగ్గర నిలబడింది. మీటరు తప్పేమోనని తీసి మళ్ళీ తగిలించాను. యాభై ఎనిమిదే.

స్క్రూ తల వెనక్కి తిరిగి ఉండటంతో కనిపించలేదు. పన్ను వెనకాల చూసే చిన్న అద్దం పెట్టి చూశాను. అద్దంలో దవడ పళ్ళకి బదులు నట్టు కనపడింది. గీత ఉంది. ఎక్కడా విరగలేదు. నేరేడు రంగు.

పెయింటు కాదు, నా నెయిల్ పాలిష్. పోయినేడు చెయ్యి మెడకి కట్టుకుని కూర్చున్నప్పుడు విసుగు పుట్టి తెప్పించుకున్న సీసా అది. ఒక చేత్తో వేసుకోలేక అవతల పడేశాను. తర్వాత కనపడలేదు.

ఇక నువ్వే చెప్పు.

మీ వదిన


స్టాఫ్ క్వార్టర్స్

వదినా,

ఆలస్యానికి కోప్పడకు. పేపర్ల కట్టలు వచ్చి పడ్డాయి.

ఒత్తిడి అలా పెరగడానికి కారణాలు చాలా ఉంటాయి. వాడగా మిగిలిన పెట్రోలు మళ్ళీ ట్యాంకులోకి పోయే గొట్టం ఒకటి ఉంటుంది. అది నలిగినా, దాంట్లో చెత్త అడ్డుపడినా ముల్లు పైకి పోతుంది. పాత కార్లలో మామూలే. ముందు అది చూడు. గీత సంగతంటావా, అన్నయ్య ఎప్పుడో ఏదో పని చేస్తూ గీసి ఉంటాడు. అదొక సాక్ష్యం కాదు.

ఇక్కడ వాన ఆగడం లేదు. మెట్ల మీద నాచు పట్టింది. ఎదురింటి లెక్చరరు జారి కూర్చుంది, దెబ్బ తగల్లేదు. భుజం సలుపు తగ్గిందా? చలికి కాపడం పెడుతున్నావా?

నీ ఆడపడుచు


క్లినిక్, తలుపు మూసుకుని

పంతులమ్మా,

మీ ఇంట్లో ఎవరికీ అబద్ధం చెప్పడం రాదు. మీ అన్నయ్యకి మాట్లాడకుండా ఉండటం మాత్రమే వచ్చు. నీకు అదీ రాదు, వెంటనే వాతావరణంలోకి వెళ్ళిపోతావు. ఎదురింటి లెక్చరరు గురించి రాశావంటేనే నాకు అర్థమైపోయింది.

అయినా చూశాను. ఒత్తిడి దించి, ఆ గొట్టం విప్పి, రబ్బరు బుడ్డితో గాలి ఊది చూశాను. శుభ్రంగా ఉంది.

నాకు ముందే తెలుసు. మేడ మీద కిటికీ దగ్గర కట్టు కట్టుకుని కూర్చున్నాను ఆ మధ్యాహ్నం. నేను నిద్రపోయాననుకుని ఆయన కింద బానెట్ ఎత్తారు. పానా తిప్పడం, మీటరు చూడటం, మళ్ళీ తిప్పడం. జేబులోంచి నా సీసా తీసి గీత గీశారు. తర్వాత బానెట్ మూసి, జ్వరం వచ్చిన పిల్ల నుదురు తడిమినట్టు దాని మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డారు. ఆ తిప్పింది దేనికో అప్పుడు తెలియలేదు. కారు తోలినప్పుడు తెలిసింది.

ఊరుకున్నాను. పందేలన్నీ ఆ నీరసపు ఇంజినుతోనే తోలాను. నేను తిరిగొచ్చేసరికి ఆయన భోజనం చేసి ఉండేవారు, ముందైతే పళ్ళెం ముట్టేవారు కాదు. అది చూసి ఊరుకున్నాను. ఇన్నాళ్ళు నిన్ను అడిగింది ఎందుకంటే, నేను అనుకుంటున్నది పిచ్చి అనుమానం కాదని ఆయన్ని ఎరిగిన మనిషి ఎవరైనా చెబితే బావుండునని. నువ్వేమో ఆయన్ని కాపాడబోయావు. కోపం లేదులే. నాకు ఆడపడుచు ఉందంటే ఆయనకి చెల్లెలు ఉందన్నమాటే కదా.

ఇప్పుడు సంగతి విను. కొండకి సొరంగం తవ్వుతున్నారు. పాత దారి మూసేస్తారట. వచ్చే నెల పందెమే ఆఖరుది. ఆ మలుపు దాటి, ఇంజిను బలం మొత్తంతో, ఒక్కసారి పైదాకా వెళ్ళాలని ఉంది నాకు. స్క్రూ నేనే తిప్పేసి, పందెం అయ్యాక మళ్ళీ యాభై ఎనిమిదికి పెట్టేసి, గీత గీసేస్తే ఆయనకి తెలియను కూడా తెలియదు. అదే రంగు సీసా ఇంకొకటి కొన్నాను. చెప్పు, అలా చెయ్యనా?

తర్కం టీచరువి. నువ్వే తేల్చు.

మీ వదిన


స్టాఫ్ రూము, అందరూ వెళ్ళాక

వదినా,

నీ ఉత్తరానికి నాలుగు జవాబులు రాసి చింపేశాను.

నేను దాచింది ఇది. తెలియని చెయ్యి అయితే స్క్రూని ఎటైనా తిప్పేది. తక్కువకి తిప్పినా కారు బలం పోతుంది, కాని గట్టిగా తోలినప్పుడు పిస్టన్లు కరుగుతాయి. యాభై ఎనిమిది పెట్టిన చేతికి అంతా తెలుసు. ఇంజినుకి దెబ్బ తగలకుండా, నీకు మాత్రమే కళ్ళెం వేసింది. ఆ అంకె చూడగానే నాకు అన్నయ్య వేళ్ళు కనపడ్డాయి. వెంటనే నా చివరి పందెం గుర్తొచ్చింది.

ఆ పందేనికి ముందురోజు ప్రాక్టీసులో మాతో తిరిగే కుర్రాడు లోయలో పడ్డాడు. బతికాడు, నడవలేదు మళ్ళీ. ఆ సాయంత్రం అన్నయ్య నన్ను ఇంటికి పంపేసి కారు దగ్గర ఉండిపోయాడు. పందెం అయ్యాక నేను ప్లగ్గులు చూద్దామని వెళితే అప్పటికే కొత్తవి వేసేసి ఉన్నాయి. "పాతవి పారేశాను" అన్నాడు. ఆ వయసులో అది శ్రద్ధ అనుకున్నాను. ఇప్పుడు ఏమనుకోవాలో తెలియడం లేదు. రెండు ముక్కలు పక్కపక్కన పెట్టినంత మాత్రాన మూడోది రుజువు కాదని పిల్లలకి ఏటా చెబుతాను.

నీ ప్రశ్నకి వస్తాను. ఒకరికి తెలియకుండా వాళ్ళ మేలు కోరి చెయ్యడం తప్పా అని అడిగితే నేను రెండు వైపులా గంట మాట్లాడగలను. కాని నువ్వడిగింది అది కాదు, స్క్రూ తిప్పనా అని. తిప్పు. దొంగచాటుగా వద్దు. ఆయన చూస్తుండగా తిప్పు. ఆయన నీ వెనక గీసిన గీతని నువ్వు ఆయన వెనక గీస్తే, ఇక ఆ ఇంట్లో ఏ నట్టు ఎవరు బిగించారో ఎవరికీ తెలియదు.

నట్టు కాస్త వదులు చేసి, స్క్రూని ఎడమ వైపుకి కొద్దికొద్దిగా తిప్పుతూ ముల్లు చూడు. నలభై మూడు దగ్గర ఆపు. అంతకన్నా కిందికి వద్దు, నా మీద ఒట్టు. తర్వాత సన్న గొట్టం మళ్ళీ తగిలిస్తే ముల్లు ఇంకాస్త దిగుతుంది. కంగారు పడకు, దిగాలి. ఒకసారి గట్టిగా తోలి వచ్చి ప్లగ్గులు చూడు. తెల్లబడితే పందెం మానెయ్యి.

నీకేమైనా అయితే ఆ పానా నా చేతిలో ఉన్నట్టే. అది తెలిసే రాస్తున్నాను.

నీ ఆడపడుచు


ఇల్లు, వరండా

పంతులమ్మకి,

ముందు ఇది: బతికే ఉన్నాను, ఎముకలన్నీ లెక్క ప్రకారం ఉన్నాయి. ఇక చదువు.

ఆదివారం బానెట్ ఎత్తి, మీటరు తగిలించి, కేకేశాను.

"ఏమండీ, ఒకసారి ఇటు రండి. మీటరు పట్టుకోవాలి."

తువాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు. మీటరు చూశారు, నా చేతిలో పానా చూశారు, కుర్చీలో సిలిండరుని చూశారు.

"ఎవరు నేర్పారు?"

"మీ చెల్లెలు."

"దానికి వేరే పని లేదా?"

"ఉందట. పేపర్లు దిద్దాలట."

నట్టు వదులు చేశాను. గీత రెండు ముక్కలైంది. ఆయన చూపు దాని మీదే ఉంది.

"అంకె చదవండి" అన్నాను.

"నీకు కళ్ళు లేవూ?"

"నా కళ్ళు పానా మీద ఉన్నాయి."

ఇంజిను చప్పుడు మధ్య మీటరు మీదికి వంగి మొదలుపెట్టారు. "యాభై అయిదు... యాభై... నలభై ఆరు. మెల్లిగా. మెల్లిగా తిప్పమంటున్నానా! నలభై మూడు. చాలు. ఆపు."

ఆపాను. ఇద్దరం బానెట్ కింద తలలు పెట్టుకుని అలాగే నిలబడ్డాం. ఇప్పుడేమంటారో, మీటరు పడేసి వెళ్ళిపోతారేమో అనుకున్నాను. ఏమన్నారో తెలుసా?

"నట్టు బిగించేటప్పుడు స్క్రూని ఇంకో చేత్తో కదలకుండా పట్టుకో. లేకపోతే దాంతోపాటు తిరిగిపోతుంది."

మీ ఇంట్లో క్షమాపణ ఇలాగే చెబుతారా? స్క్రూ పట్టుకునే ఈ సంగతి నువ్వు నాకు ఎందుకు రాయలేదో! ఆయన కోసం మిగిల్చావనుకుంటాను. నేను స్క్రూ పట్టుకున్నాను, ఆయన నట్టు బిగించారు. నెయిల్ పాలిష్ సీసా ఆయన చొక్కా జేబులోంచే వచ్చింది. గీత నన్ను గియ్యమన్నారు. వంకరగా వచ్చింది. "పర్లేదు, కనపడుతోంది" అన్నారు. ఆ రాత్రి అన్నం దగ్గర మాత్రం, "నువ్వు రోడ్డు దిగినప్పుడు నేను లెక్కపెట్టుకున్నాను, నిన్ను చేరేలోపు ఎన్నిసార్లు పిలిచానో. నువ్వు ఒక్కసారీ పలకలేదు" అన్నారు. నాకు వినపడలేదు, నవ్వుతున్నాను కదా. ఆ నవ్వు గురించి ఇప్పుడు సిగ్గుపడ్డాను.

పందెం రోజు ఆయన ముగింపు గీత దగ్గర లేరు, పై మలుపు దగ్గర నిలబడ్డారు. కారు ఎంత బాగా లాగిందో ఏం చెప్పను! దుప్పటి తీసి అవతల పారేసినట్టే. మలుపు వచ్చింది. నేను పాదం పైకి తీశాను. ఏ స్క్రూ ఆపలేదు, ఆయనా చెయ్యి ఊపలేదు. నేనే తీశాను. నాలుగో స్థానం. నీరసపు ఇంజినుతో పోయిన పందెంలో అయిదు. ఇంత రామాయణం ఒక్క మెట్టు కోసం! నవ్వకు.

నీ చివరి పందెం సంగతి ఆయనకి చెప్పేశాను. చెప్పొచ్చో లేదో నిన్ను అడగలేదు. తిట్టుకో. కింద ఏదో రాస్తానంటున్నారు, చోటు వదులుతున్నాను.

మీ వదిన

చెల్లాయ్,

మీ వదిన అంతా చెప్పింది. అవునన్నా కాదన్నా నువ్వు నమ్మవు, పక్కన పెట్టి ఇంకో ప్రశ్న వేస్తావు. అందుకని మాట చెప్పను. నీ పాత కారు తుక్కుకి వేసేటప్పుడు రెగ్యులేటరు విప్పి దాచాను. గీత అలాగే ఉంది, అప్పటి నుంచి ఎవరూ స్క్రూ ముట్టుకోలేదు. విడిగా పార్సిల్ చేస్తున్నాను. పట్టుకుని రా. మీ వదిన కారుకి బిగించి, లోపలి రబ్బరు పొర బాగుంటే, అప్పటి అంకె ఇప్పుడూ చూపిస్తుంది. ముల్లు నువ్వే చదువు. పక్కన నేనుంటాను. ఆ కళ్ళ కుంచెకి బదులు కొత్తది కొనిపెడతాను, ఇకనైనా ఆ సంగతి వదిలెయ్.

అన్నయ్య


స్టాఫ్ క్వార్టర్స్, మూడో అంతస్తు
వానలు వెలిసిన వారం

వదినా,

పార్సిల్ వచ్చింది. అన్నయ్య దాన్ని నీ క్లినిక్ పత్తిలో చుట్టి పంపాడు. విప్పగానే గదంతా ఆసుపత్రి వాసన, దాని అడుగున పెట్రోలు వాసన. ఇన్నేళ్ళయినా పోలేదు.

బల్ల మీద, దిద్దాల్సిన పేపర్ల మీద బరువుగా పెట్టాను. తెల్ల గీత పసుపుబారింది, ఎక్కడా విరగలేదు. నా కుంచె వెంట్రుక ఒకటి ఆ పెయింటులో అతుక్కుని ఉంది. అది చూసి ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను.

నువ్వు అన్నయ్యకి చెప్పినందుకు తిట్టుకోలేదు. ఒక పూట తిట్టుకున్నాను, నిజం చెప్పాలంటే. తర్వాత మానేశాను. నువ్వు పాదం తీశానన్న చోటు మాత్రం మళ్ళీ మళ్ళీ చదివాను. నా చివరి పందెంలో నన్ను ఆపింది నా పాదమో, స్క్రూనో నాకు ఇప్పటికీ తెలియదు.

దీంట్లో నలభై మూడు ఉంటే ఓడింది నేనే. అప్పుడు అన్నయ్యని ఇన్నాళ్ళు మనసులో దోషిలా నిలబెట్టి అడిగినందుకు వాడికి ఏం చెప్పాలి? యాభై ఎనిమిది ఉంటే నేను బాగానే తోలాను. అప్పుడు ఈ చదువూ, ఈ గదీ, నాకెంతో ఇష్టమైన ఈ ఉద్యోగమూ వాడు ఒక సాయంత్రం భయపడి తిప్పిన స్క్రూ వల్ల వచ్చినవి. దానికి వాడి మీద కోపం రావాలో, వాడి చెయ్యి పట్టుకోవాలో తెలియదు. ఏ అంకె రావాలని కోరుకుంటున్నానో అది కూడా తెలియదు. రోజుకొకటి కోరుకుంటున్నాను.

సెలవులకి వస్తున్నాను. టికెట్టు తీసుకున్నాను, అన్నయ్యకి చెప్పు. నీ వంకర గీత చూడాలి, కారులో నీ పక్కన కూర్చుని ఒకసారి తిరగాలి. అంతవరకూ ఖాయం. ఈ డబ్బీని సంచిలో పెట్టుకుని రావాలో, ఇక్కడే పేపర్ల మీద వదిలేసి రావాలో మాత్రం ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.

నీ ఆడపడుచు